సైనాప్స్ అంటే అతుకా, ఖాళీయా?

ప్రశ్న: మెదడు మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. సైనాప్స్‌కు ‘నాడీకణ సంధి’ అని వాడుతున్నారు. సంధి అంటే రెండూ కలిసిపోవాలి కదా? బొమ్మల్లో మాత్రం మధ్యలో ఖాళీ ఉంటుంది, బాణం గుర్తు ఆ ఖాళీకే పెడతారు. ఏది ఒప్పు? ‘సైనాప్సిస్’ అన్నా ఇదేనా?

జవాబు 1: బాణమే గురి తప్పింది. ఆక్సాన్ (నాడీకణం నుంచి సంకేతాన్ని బయటికి మోసే పోగు) కొస, దాదాపు 20 నానోమీటర్ల సందు, అవతలి కణపు పొరలో గ్రాహకాలు (రసాయనాన్ని అందుకునే ప్రోటీన్లు) ఉన్న చోటు, ఈ మూడూ కలిస్తేనే సైనాప్స్. ‘సైనాప్స్‌లోకి రసాయనం విడుదలైంది’ అని శాస్త్రవేత్తలూ రాస్తుంటారు, అక్కడ వాళ్ల ఉద్దేశం సందే. తెలుగులో ‘సైనాప్టిక్ సందు’ అనేస్తే తికమక ఉండదు.

‘సంధి’తో పేచీ లేదు. మీరు వ్యాకరణంలో సంధిని తలుచుకుంటున్నారు, అక్కడ అక్షరాలు కలిసిపోతాయి. సంధివాతంలో సంధిని తలుచుకోండి. మోకీలు దగ్గర ఎముకలు కలిసిపోవు, మధ్యలో ద్రవం ఉంటుంది, అయినా అది సంధే. అసలు పేరూ అలాంటిదే. 1897లో బ్రిటిష్ శాస్త్రవేత్త షెరింగ్టన్ వాడుకలోకి తెచ్చిన ఈ మాటకు గ్రీకు మూలంలో ‘పెనవేసి పట్టుకోవడం’ అని అర్థం. సందును కళ్లారా చూడడానికి 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావలసి వచ్చింది.

జవాబు 2: పై జవాబు రసాయన సైనాప్స్‌కే సరిపోతుంది. విద్యుత్ సైనాప్స్‌లో ఎడం 3.5 నానోమీటర్లే, దాన్ని దాటించే ప్రోటీన్ గొట్టాల్లోంచి అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) నేరుగా పోతాయి. మెదడులో ఎక్కువ భాగం రసాయనపువే కాబట్టి విశేషణం లేకుండా రాస్తే పాఠకుడు వాటినే అనుకుంటాడు, పరవాలేదు.

రసాయన సైనాప్స్ గురించి ‘విద్యుత్ సంకేతం సందును దూకుతుంది’ అని మాత్రం రాయకండి, చాలా వ్యాసాల్లో దొర్లే తప్పు ఇది. సంకేతం కొసకు చేరగానే కాల్షియం అయాన్లు లోపలికొస్తాయి. వాటి వల్ల రసాయనం నిండిన తిత్తులు పొరకు అతుక్కుని తెరుచుకుంటాయి. ఆ రసాయనం గ్రాహకాలను తాకాక అవతల మళ్లీ విద్యుత్ మార్పు మొదలవుతుంది. ఈ తతంగానికి దాదాపు అర మిల్లీసెకను పడుతుంది. దూకడమే అయితే ఆ ఆలస్యం ఎందుకుంటుంది?

జవాబు 3: సైనాప్సిస్ పూర్తిగా వేరు. క్షయకరణ విభజనలో (అండాలు, వీర్యకణాలు ఏర్పడేటప్పటి కణ విభజన) సమజాత క్రోమోజోములు, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జోడు, జతకట్టడం అది, మెదడుతో పని లేదు. ఇంకొకటి, ‘రెండు నాడీకణాల మధ్య’ అని నిర్వచనం రాయకండి. నాడీకణం కండరాన్ని కలిసే చోటూ సైనాప్సే. ‘నాడీకణానికీ, అది సంకేతం అందించే కణానికీ మధ్య’ అంటే రెండూ ఇముడుతాయి.