పాత బొమ్మల ప్లాస్టిక్‌కి ఇంట్లో డై వేయడం సరైనదేనా?

ఆదివారం_సంత (ఇందిరానగర్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. నా దగ్గర రెండు బొమ్మలున్నాయి. ఒకటి చిక్‌పేట ఆదివారం సంతలో దొరికిన ఫన్‌స్కూల్ కాలం నాటి జి.ఐ.జో సైనికుడి బొమ్మ. వెనక స్క్రూ ఉంది, లోపలి రబ్బరు రింగు ఉంది, బొటనవేళ్ళు కూడా విరగలేదు. కాకపోతే తెల్లగా ఉండాల్సిన కాళ్ళు పసుపెక్కిపోయాయి. రెండోది ఈ మధ్య కొన్న, రోబోగానూ వాహనంగానూ రూపం మారే ట్రాన్స్‌ఫార్మర్. దాని తెల్ల చేతుల్ని నల్లగా మార్చుకోవాలని ఉంది. పెయింట్ వేస్తే రూపం మార్చిన ప్రతిసారీ జాయింట్ దగ్గర గీసుకుపోతుంది కాబట్టి రెండిటికీ డై వేద్దామనుకుంటున్నాను, అంటే వేడి రంగునీళ్ళలో ముంచి ప్లాస్టిక్‌కే రంగెక్కించడం. కాళ్ళకి ముదురు బూడిద రంగు, చేతులకి నలుపు.

తెలిసినవాళ్ళని అడిగితే ఒకరు "పాత బొమ్మకి డై వేశావంటే దాన్ని పాడుచేసినట్టే" అన్నారు. ఇంకొకరు "నీ బొమ్మ, నీ ఇష్టం" అన్నారు. మీరేమంటారు?

ఓ_రింగ్ (మల్లేశ్వరం, బెంగళూరు)

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి మీ ఇష్టం. జి.ఐ.జోని మాత్రం దయచేసి ముట్టుకోకండి.

కారణం చెబుతాను. అమెరికాలో ఆ పొట్టి సైజు జి.ఐ.జోలు 1982లో మొదలయ్యాయి. మన దేశంలో వాటిని చేసింది ఎమ్మారెఫ్ వాళ్ళ ఫన్‌స్కూల్, అది 1987లో మొదలైన కంపెనీ. ఇక్కడ చేసిన బొమ్మల్లో చాలావాటి రంగులు అమెరికా బొమ్మల్లా ఉండవు. చొక్కా ఒక రంగు, ప్యాంటు ఇంకో రంగు, అక్కడివాళ్ళు ఎప్పుడూ చూడని జోడీలు వచ్చాయి. విదేశాల్లో సేకరించేవాళ్ళు మన ఫన్‌స్కూల్ బొమ్మల కోసం వెతికేది ఆ రంగుల కోసమే. అచ్చు చాలావరకు పాతదే, తేడా అంతా రంగులోనే ఉంది. మీరు ఆ రంగునే మార్చేస్తే ఇక మిగిలేదేమిటి?

పైగా అవి మళ్ళీ తయారు కావు. మన చిన్నప్పుడు మన ఊళ్ళలో దొరికిన బొమ్మలవి. పసుపెక్కినా సరే, కంపెనీలోంచి వచ్చిన ప్లాస్టిక్ అది. అక్రిలిక్ పెయింట్ అయితే నచ్చకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి తీసేయొచ్చు. డైని వెనక్కి తీయలేరు.

పెరంబూరు_పాత (చెన్నై)

ఓ_రింగ్ గారూ, మీ ప్రేమ నాకు అర్థమవుతుంది కానీ ఒప్పుకోలేను. రంగు మార్చడం ఈ బొమ్మలకి మొదటి నుంచీ ఉన్నదే. 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమెరికా కంపెనీ హాస్బ్రో అమ్మిన తొలి బొమ్మలు చాలావరకు జపాన్ టకారా కంపెనీవి, డయాక్లోన్, మైక్రోమాన్ వరసల్లోవి. వాటిలో కొన్నిటికి రంగులు మార్చి అమ్మారు. స్టార్‌స్క్రీమ్, థండర్‌క్రాకర్, స్కైవార్ప్ ముగ్గురూ ఒకే విమానం అచ్చు, రంగులే వేరు. కంపెనీ రంగు మారిస్తే కొత్త పాత్ర అంటాం. కొనుక్కున్నవాడు మారిస్తే పాడుచేశాడంటామా?

ఆదివారం_సంత గారూ, బొమ్మ మీది. అద్దాల బీరువాలో పసుపు కాళ్ళతో నిలబెట్టి రోజూ బాధపడే కంటే మీకు నచ్చిన రంగులో చూసుకోండి.

ధర్మవరం_అద్దకం (ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు)

మాది ధర్మవరం. పట్టుకి రంగు అద్దే పని చూస్తూ పెరిగినవాణ్ణి, ఇప్పుడు బొమ్మల పిచ్చి. వేయొచ్చా కూడదా అన్న మాటకి ముందు, డై ప్లాస్టిక్‌లో ఏం చేస్తుందో చూద్దాం. వాదన సగం అక్కడే తేలిపోతుంది.

పట్టుకి వేసే యాసిడ్ డై నైలాన్‌కి కూడా పడుతుంది. రెండిట్లోనూ అమైడ్ అనే ఒకే రకం రసాయన బంధాలుంటాయి. కొంచెం వెనిగర్ వేసి వేడి చేస్తే రంగు గట్టిగా పట్టుకుంటుంది. తెల్ల నైలాన్ ముక్క నిమిషాల్లో రంగెక్కుతుంది. కానీ బొమ్మల్లో ఎక్కువ భాగం ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. దానికి పాలిస్టర్ బట్టకి వేసే డిస్పర్స్ డై కావాలి. ఇంటి వాడకానికి రిట్ డైమోర్, ఐడై పాలీ అని దొరికేవి ఆ రకమే. కాటన్ బట్టలకని కిరాణా కొట్లో అమ్మే పొట్లం ఏబీఎస్‌కి పట్టదు.

డిస్పర్స్ డై నీళ్ళలో సరిగా కరగదు, సన్నటి రేణువులుగా తేలుతుంటుంది. వేడికి ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులు కాస్త కదులుతాయి, ఆ సందుల్లోంచి డై లోపలికి దూరుతుంది. చల్లారాక అక్కడే చిక్కుకుపోతుంది. అందుకే జాయింట్‌లో రాసుకున్నా పోదు, మందమూ పెరగదు. వెనక్కి తీయలేకపోవడానికీ కారణం అదే. ఓ_రింగ్ గారి భయమూ, ఆదివారం_సంత గారి ఆశా ఒకే గుణం నుంచి వచ్చాయి.

ఇంకో మాట. డై ముదురు చేస్తుందే గాని లేత చేయదు. అడుగు రంగు మీద కొత్త రంగు కలుస్తుంది. నీలం ప్లాస్టిక్‌కి ఎరుపు వేస్తే ఊదా వస్తుంది. పసుపెక్కిన కాళ్ళలో సూర్యరశ్మి తగిలిన వైపు ఎక్కువ పసుపు, నడుము లోపలికి దాగిన భాగం ఇంకా తెలుపు. దాని మీద బూడిద రంగు వేస్తే మచ్చలు మచ్చలుగా తేలే ప్రమాదం ఉంది. కప్పాలంటే దాదాపు నలుపే వేయాలి. కాబట్టి మీ జి.ఐ.జో విషయంలో, విలువ సంగతి పక్కన పెట్టినా, డై సరైన మందు కాదని నా అభిప్రాయం.

పెరంబూరు_పాత (చెన్నై)

మచ్చల మాట నిజమే, అది నేను ఆలోచించలేదు. మరి పసుపు తీయడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడతారు కదా, 2008 ప్రాంతంలో పాత కంప్యూటర్లు సేకరించేవాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి. ముందు అది చేసి, తర్వాత డై వేస్తే?

ఓ_రింగ్ (మల్లేశ్వరం, బెంగళూరు)

దానివల్ల తెల్లబడుతుంది, కానీ మళ్ళీ పసుపు తిరిగి రావచ్చు. ఏబీఎస్‌లోని బ్యూటాడైన్ రబ్బరు వెలుతురుకీ వేడికీ ఆక్సీకరణ చెందుతూ ఉంటుంది, పెరాక్సైడ్ దాన్ని శాశ్వతంగా ఆపదు. నలభై ఏళ్ళకి దగ్గరపడుతున్న ప్లాస్టిక్‌ని ముందు రసాయనంలో, తర్వాత వేడినీళ్ళలో ముంచడం నాకు నచ్చదు. వెలుతురు తగలని చోట పెట్టడం చాలు.

"కంపెనీ మారిస్తే తప్పు లేదు, మనం మారిస్తే తప్పా" అన్నారు. కంపెనీ అచ్చు పోసేటప్పుడే రంగు కలిపి వేల బొమ్మలు చేస్తుంది, పాతవి అలాగే ఉంటాయి. మనం మార్చేది ఉన్న ఒక్కదాన్ని. ఆ తేడా నాకు చాలా పెద్దది.

కుక్కర్_విజిల్ (బీటీఎం, బెంగళూరు)

చిన్న డౌట్. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పాలిస్టర్‌కి మిల్లుల్లో 130 డిగ్రీల దాకా వేడి పెడతారని చదివాను. ఆ వేడి కోసం పాత ప్రెషర్ కుక్కర్ వాడితే రంగు ఇంకా బాగా పడుతుందా?

ధర్మవరం_అద్దకం (ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు)

వద్దు తమ్ముడూ, అస్సలు వద్దు. కుక్కర్‌లో వేడి 120 దాకా పోతుంది. ఏబీఎస్ 105 దగ్గరే మెత్తబడిపోతుంది. చేతులు వంకర్లు తిరిగి బయటికి వస్తాయి. 130 డిగ్రీల లెక్క పాలిస్టర్ దారానికి, బొమ్మకి కాదు.

నిజానికి బొమ్మకి మరిగే నీళ్ళు కూడా అక్కర్లేదు. 70 నుంచి 80 డిగ్రీల మధ్య, ఎక్కువసేపు. వంటింటి థర్మామీటర్ పెట్టుకుని, స్టవ్ ఆపుతూ వెలిగిస్తూ పట్టుకోవాలి. ముక్కలు గిన్నె అడుగుకి తగలకుండా స్టీలు జల్లెడలో వేలాడదీయండి, అడుగు భాగం నీళ్ళకంటే వేడిగా ఉంటుంది. అచ్చులోంచి తీసినప్పటి బిగువు ప్లాస్టిక్‌లో మిగిలే ఉంటుంది, సన్నటి ముక్కలు 85, 90 దాటాక ఆ బిగువు వదిలి వంగుతాయి. తల, గుప్పిళ్ళు లాంటి మెత్తటివి చాలావరకు పీవీసీ, అవి ఇంకా ముందే వంగుతాయి. పైగా పీవీసీలో మెత్తదనం కోసం కలిపే పదార్థం డైని పట్టుకుని మెల్లగా పక్క ముక్కకి కూడా దాటిస్తుంది. నల్ల డై వేసిన పీవీసీ గుప్పిట్లో తెల్ల తుపాకి పెట్టి నెలల తరబడి వదిలేయకండి.

జాయింట్ల దగ్గర పీఓఎం అనే ఇంకో రకం ప్లాస్టిక్ ముక్కలుంటే వాటికి పడే ఛాయ ఏబీఎస్ ఛాయతో కలవదు. ఒకే చేతిలో రెండు నలుపులు కనిపిస్తాయి. పాలీప్రొపిలీన్‌కి, పాలిథిన్‌కి ఇంట్లో వేసే డై దాదాపు పట్టదు. క్రోమ్ పూత ఉన్న ముక్కల్ని దగ్గరికే తేకండి. పాత బొమ్మల్లో బంగారు రంగు తళుకు కలిపిన ప్లాస్టిక్ ఉంటే దాన్ని వేడి చేయడం గురించి మర్చిపోండి. అది ఏళ్ళు గడిచేకొద్దీ దానంతట అదే పెళుసెక్కి పొడి అవుతుంది.

నీళ్ళ సంగతి మనవాళ్ళెవరూ చెప్పరు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ట్యాంకర్ నీళ్ళు, బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ఆ సున్నానికి డిస్పర్స్ డై రేణువులు గడ్డకట్టి ముక్క మీద చుక్కలు పడతాయి. కావేరి నీళ్ళో, ఫిల్టర్ నీళ్ళో వాడండి. అద్దకం ఇళ్ళలో మంచి నీళ్ళు లేకపోతే అసలు పనే మొదలుపెట్టరు.

ఇద్దరు_పిల్లల_అమ్మ (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

ఇంత మాట్లాడుకున్నారు గానీ గిన్నె గురించి ఒక్కరూ అనలేదు. దయచేసి అన్నం వండే గిన్నెలో డై కాచకండి. గిన్నె, జల్లెడ, గరిటె అన్నీ దీనికే విడిగా ఉంచి, వంటింట్లోంచి తీసేయండి. బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ మీద చేసుకుంటే ఇంకా మంచిది. గ్లవ్స్ తప్పనిసరి. డిస్పర్స్ డైల్లో కొన్ని చర్మానికి అలర్జీ తెస్తాయి, ముఖ్యంగా డిస్పర్స్ బ్లూ 106, 124 అనేవి దానికే పేరుపడ్డాయి. పొడి రూపంలో కొంటే మాస్క్ కూడా పెట్టుకోండి.

కొన్ని వీడియోల్లో రంగు త్వరగా ఎక్కాలని డై నీళ్ళలో అసిటోన్ కలపమంటారు. అది గ్యాస్ మంట దగ్గర భగ్గున అంటుకునే ద్రవం. పైగా ఏబీఎస్‌నే కరిగిస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఆ ప్రయోగం జోలికే పోవద్దు.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. డై వేసిన బొమ్మని చిన్నపిల్లలకి ఇవ్వకండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. ప్లాస్టిక్‌లోంచి సీసం లాంటివి ఎంత బయటికి రావచ్చో కూడా ఆ ప్రమాణాల్లో ఉంది. మన గిన్నెలో వేసిన రంగుకి ఆ పరీక్షలు ఎవరు చేశారు? మావాడికి ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు.

పెరంబూరు_పాత (చెన్నై)

అక్కా, ఇందులో వాదించడానికి ఏమీ లేదు. అసిటోన్ గురించి మీరు చెప్పింది అందరూ చదవాలి.

ఓ_రింగ్ గారూ, మీరన్న "ఉన్న ఒక్కదాన్ని" మాట గురించి ఆలోచించాను. సంపూర్ణంగా ఉన్న ఫన్‌స్కూల్ బొమ్మకి నేనూ వేయననుకుంటా. కానీ సంతలో విరిగిన చేతులతో, తలలేకుండా వచ్చే వాటి సంగతేమిటి? వాటి కాళ్ళకి డై వేసి ఇంకో బొమ్మకి తొడిగితే అవి చెత్తబుట్టలోకి పోకుండా మిగులుతాయి కదా. దానికీ మీరు వద్దంటారా?

ఓ_రింగ్ (మల్లేశ్వరం, బెంగళూరు)

విడి భాగాలకి వద్దనను. ఒక్క షరతు. అమ్మేటప్పుడు, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు డై వేసిందని చెప్పాలి. పెయింట్ వేస్తే అంచులో, గీతల్లో మందం కనబడుతుంది, కొనేవాడు పసిగడతాడు. బాగా వేసిన డై కంపెనీ రంగులాగే ఉంటుంది. ఫన్‌స్కూల్ వింత రంగుల కోసం డబ్బు పెట్టేవాళ్ళకి ఇంట్లో చేసిన వింత రంగుని అరుదైన రకం అని అంటగడితే అది మోసం. స్క్రూ విప్పితే కనబడేలా మొండెం లోపలి వైపు చిన్న గుర్తు పెట్టండి. మీ తర్వాత ఎవరి చేతికి వెళ్ళినా నిజం బొమ్మతోపాటే ఉంటుంది.

పెరంబూరు_పాత (చెన్నై)

గుర్తు పెట్టడం మంచి ఆలోచన, నేను మొదలుపెడతాను. సంపూర్ణంగా ఉన్నదైనా యజమాని ఇష్టమే చివరి మాట అన్నది మాత్రం వదులుకోను.

ఆదివారం_సంత (ఇందిరానగర్, బెంగళూరు)

అందరికీ చాలా థ్యాంక్స్. జి.ఐ.జో కాళ్ళని అలాగే ఉంచేస్తున్నాను, కిటికీ దగ్గర నుంచి మార్చేశాను. నన్ను ఆపింది విలువ కంటే ఆ మచ్చల సంగతి. ఓ_రింగ్ గారి మాటలు చదివాక ఆ పసుపు ముందున్నంత ఇబ్బంది పెట్టడం లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ చేతులకి మాత్రం డై వేస్తాను. చేతిలో ఇనుప పిన్నులున్నాయి. వాటితోనే ముంచొచ్చా, తీసేయాలా?

ధర్మవరం_అద్దకం (ఎలక్ట్రానిక్ సిటీ, బెంగళూరు)

తీసేయండి. వేడినీళ్ళలో నానితే తుప్పు పడుతుంది, పైగా పిన్ను చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కి రంగు అందదు, చెయ్యి తిప్పితే తెల్ల గీత బయటపడుతుంది. పిన్నుకి ఒక చివర సన్నటి గీతలుంటాయి. నున్నగా ఉన్న చివర మీద పంచ్ (పిన్నుని తోసే సన్నటి కడ్డీ) పెట్టి కొట్టండి, గీతలున్న వైపు ముందు బయటికి రావాలి. తిరగేసి కొడితే రంధ్రం వదులైపోతుంది. ముక్కల్ని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, వేలి జిడ్డు తగలకుండా ఆరబెట్టి, ముందు బయటికి కనబడని ముక్క ఒకటి ముంచి చూడండి. చిక్కటి నలుపు వచ్చేదాకా తొందరపడి వేడి పెంచకండి, టైమ్ పెంచండి. చేతులు ఎలా వచ్చాయో ఫోటో పెట్టండి, జాయింట్ ముక్క ఛాయ కలవకపోతే అక్కడ ఏం చేయాలో చూద్దాం.