డిందునా, నిండునా?

అమలాపురం కుర్రోడు: రాత్రి ఒంటిగంట. క్వాంటమ్ ఎస్ప్రెస్సోలో, అదే పదార్థాల్లో ఎలక్ట్రాన్ల లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో, ఇనుము ఉపరితలం మీద లెక్క తెగట్లేదు. ఎలక్ట్రాన్ల సాంద్రత ఉజ్జాయింపుగా తీసుకుని దాన్నుంచి ఎలక్ట్రాన్ల మీద పనిచేసే పొటెన్షియల్ కడుతుంది, ఆ పొటెన్షియల్‌లో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో చెప్పే కోన్-షామ్ సమీకరణాలు సాధించి కొత్త సాంద్రత తీస్తుంది. పాతదీ కొత్తదీ కలిపి మళ్ళీ మొదలు. తేడా పోయేదాకా ఇదే తిరగలి. ఆ తేడా పోవడాన్ని పుస్తకాల్లో ‘అభిసరణ’ అన్నారు, నాకు నోరు తిరగట్లేదు. గజేంద్రమోక్షంలో తాతయ్య చదివే ‘ఎవ్వనిచే జనించు జగము’ పద్యంలో మాటొకటి బుర్రలో తిరుగుతోంది. ‘ఎవ్వని యందు డిందు’నా, ‘నిండు’నా?

పాలకొల్లు పంతులు: డిందు, అంటే అణగిపోవు. ‘జనించు’, ‘లోపల నుండు’ అయ్యాక మిగిలింది లయమే కదా. నిండితే స్థితి రెండుసార్లు వస్తుంది.

రాజోలు రచ్చబండ: నిండు అన్నా ఉత్పలమాల చెక్కుచెదరదు మాస్టారూ. రెంటికీ గురువు, లఘువు. మా నాయనమ్మ నిండు అనే చదివేదండి, ఆయ్.

పాలకొల్లు పంతులు: నాయనమ్మగారికి నమస్కారం. గణం కుదిరిందని పాఠం కుదిరినట్టు కాదు బాబూ.

కడియం: అసలు పేచీ ‘లీనమై’ దగ్గరుంది. లీనమయ్యాక ఇంకా ‘ఉండు’ ఏంటి? లయంలో వేయాల్సిన మాటని పోతన స్థితిలో వేశాడు. ఆ ఒక్క మాటకి నేనెన్ని సాయంత్రాలు పోగొట్టుకున్నానో!

అమలాపురం కుర్రోడు: సరే, డిందు. మరి ‘లెక్క డిందింది’ అనొచ్చా?

పాలకొల్లు పంతులు: ఒప్పుకోను. అక్కడ డిందేది జగం. నీ సాంద్రత ఎక్కడికీ పోదుగా, పోయేది తేడా. ‘తేడా డిందింది’ అను.

రాజోలు రచ్చబండ: ‘తేరింది’ అంటే పోలా? గోదావరి ఎర్రనీళ్ళు పట్టి, కుండ లోపల చిల్లగింజ అరగదీస్తే తెల్లారేసరికి అడుగున బురద, పైన తేట.

కడియం: కుండలో నీళ్ళు మళ్ళీ ఎర్రబడవు. కుర్రోడి తేడా పెరిగి తగ్గి పెరుగుతోంది, మొగలో పోటూపాటూ లాగా. తమ్ముడూ, పాతదాంట్లో కొత్తది ఎంత కలపాలో చెప్పే మిక్సింగ్ బీటా మార్చకపోతే 0.7 ఉంటుంది. 0.2కి దించి చూడు.

పాలకొల్లు పంతులు: ఇలాంటి లెక్కల్ని మీరు ‘ఆబ్ ఇనిషియో’ అంటారు, లాటిన్‌లో మొదటినుంచి అనేగా? ఆ పద్యంలోనే ‘అనాది’ ఉంది, అసలు మొదలే లేనివాడు. మీ సాఫ్ట్‌వేర్‌కేమో మొదలు ఊహించుకుంటే గానీ కుదరదు!

కడియం: కోన్‌ది ఇంకో తమాషా. సమీకరణాలు 1965వి. మనిషేమో ఫిజిక్స్, 1998లో నోబెల్ వచ్చింది కెమిస్ట్రీకి.

రాజోలు రచ్చబండ: అది సరే, ‘డిందు’లో ఉన్నది అరసున్నాయేమో?

పాలకొల్లు పంతులు: నిండుసున్నా! అరసున్నా అయితే ‘డి’ లఘువైపోయి రగణం పోతుంది.

రాజోలు రచ్చబండ: చూశారా, మీ నోటే ‘నిండు’ వచ్చింది. నాయనమ్మ పుస్తకం అటక మీదుంది, పొద్దున్నే దించుతా.

అమలాపురం కుర్రోడు: 0.2 పెట్టాను. 38వ చుట్టు. డిందనూ లేదు, తేరనూ లేదు.