పాత స్టీరియో ఆంప్: కెపాసిటర్లన్నీ మార్చాలా, చెడినవే మార్చాలా?

అటక స్టీరియో (పెరంబూరు):
70ల చివర్లో జపాన్‌లో తయారైన ఆంప్లిఫయర్, ఛానెల్‌కి 35 వాట్లు. రెండు స్పీకర్లలోనూ గుయ్‌మని హమ్మింగ్. రిచీ స్ట్రీట్‌లో చూపిస్తే లోపలున్న 46 ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లూ మార్చాలన్నారు. నిజంగా అన్నీ మార్చాలా? రికార్డ్ ప్లేయర్‌కి బెల్టు కొత్తది వేశాను.

కండెన్సర్ మామ (అంబత్తూరు):
అన్నీ మార్చాల్సిందే. నలభై ఏళ్లు దాటితే లోపలి ద్రావణం ఎండిపోయి ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) పెరుగుతుంది. మామూలు మీటర్లో విలువ సరిగ్గానే చూపిస్తుంది, లోడ్ పడితే చేతులెత్తేస్తుంది. 105 డిగ్రీల రకం కొనండి, వోల్టేజి పాతదానికి సమానం లేదా ఒక మెట్టు ఎక్కువ. మెయిన్ ఫిల్టర్లు (పవర్ సప్లైలో డీసీని నునుపు చేసే పెద్ద కెపాసిటర్లు) 6,800 మైక్రోఫారడ్‌వి అయితే 10,000 వేసేయండి, బేస్ గట్టిగా వస్తుంది.

పాతముల్లు (మైలాపూర్):
10,000 ఎందుకండీ? ఆన్ చేసిన క్షణంలో ఖాళీ ఫిల్టర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఆ దెబ్బ ఏసీని డీసీగా మార్చే పాత బ్రిడ్జి డయోడ్లు, స్విచ్చు కాంటాక్టులు తినాలి. 6,800 ఉన్నచోట 6,800 వేయండి, దొరక్కపోతే 8,200.

గిండీ గ్రామఫోన్:
హమ్మింగ్ ఫోనో (రికార్డ్ ప్లేయర్ ఇన్‌పుట్)లోనేనా, టేప్, ఆక్స్ లాంటి మిగతా ఇన్‌పుట్లలో కూడానా?

కండెన్సర్ మామ:
పాత కెపాసిటర్ల టాలరెన్సే (రాసిన విలువకీ అసలు విలువకీ ఉండగల తేడా) ప్లస్ 50 శాతం దాకా ఉండేది. అంటే 6,800 అని రాసి ఉన్నదాంట్లో 10,000 ఉండొచ్చు. అప్పుడు కాలని డయోడ్లు ఇప్పుడు కాలతాయా?

పాతముల్లు:
ఉండొచ్చు అనడానికీ ఉంది అనడానికీ తేడా లేదా? పైగా బజారులో నకిలీ సరుకు. పెద్ద డబ్బా లోపల చిన్న కెపాసిటర్ పెట్టి అమ్ముతున్నారు. ఒక కొట్టులో నాకు అంటగట్టిన ‘10,000’ మీటర్లో 3,900 చూపించింది. చేతిలో తేలిగ్గా ఉంటేనే అనుమానించాలి.

వేళచ్చేరి వినైల్:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. బూజు పట్టిన 78 ఆర్‌పీఎం రికార్డులు స్పిరిట్‌తో తుడవొచ్చా?

పాతముల్లు:
వద్దు! అవి లక్కవి, స్పిరిట్‌లో కరుగుతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్, మెత్తటి బ్రష్షు, లేబుల్ తడవనివ్వకండి. ఎల్పీ ముల్లుతో వాటిని వాయించకండి కూడా. వాటి గాడి వెడల్పు, 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతుకి మూడు రెట్లు) ముల్లు కావాలి.

కండెన్సర్ మామ:
మాట మార్చకండి. 46లో ఆరు మార్చి వదిలేస్తే ఏడోది వచ్చే ఎండాకాలంలో పోతుంది.

పాతముల్లు:
46 అంటే 92 అతుకులు. కొత్తవాళ్ల చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఓ క్షణం ఎక్కువసేపు ఆగిందా, బోర్డు మీది రాగి లేచిపోతుంది. ఒక్కదాని ప్లస్సు, మైనస్సు తారుమారైతే అది పేలుతుంది. 46 మార్చాక ఆంప్ పలక్కపోతే తప్పు ఎక్కడని వెతుకుతారు? అయినా కెపాసిటర్‌కి ఇంత అని కూలి కట్టేచోట 46 అనక 6 అంటారా ఎవరైనా!

కండెన్సర్ మామ:
ఆ మాట నన్నేనా? మూడు నెలలకి సెట్టు తిరిగొస్తే ఉచితంగా విప్పేది మీరా, నేనా? గ్యారంటీ ఇచ్చేవాడు అన్నీ మారుస్తాడు. ఇవ్వక్కర్లేనివాళ్లు ఎన్ని కబుర్లయినా చెబుతారు.

పాతముల్లు:
అదీ సంగతి. మీకు సెట్టు తిరిగి రాకూడదు. ఆయనకి ఏది చెడిందో తెలియాలి. ఆ రెండూ ఒకటి కావు, ఈ ముక్క ముందే అనుంటే 10,000 గోల ఉండేది కాదు.

కండెన్సర్ మామ:
10,000 మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

గిండీ గ్రామఫోన్:
నా ప్రశ్నకి జవాబు రాలేదు.

అటక స్టీరియో:
క్షమించాలి, ఇప్పుడే చూశాను. ఫోనోలోనే. ఆక్స్‌లో నిశ్శబ్దం. వాల్యూమ్ పెంచితే హమ్మింగ్ పెరుగుతోంది.

గిండీ గ్రామఫోన్:
అయితే మెయిన్ ఫిల్టర్ జోలికి వెళ్లకండి. అది పోతే ఏ ఇన్‌పుట్ పెట్టినా, వాల్యూమ్ సున్నాలో ఉన్నా 100 హెర్ట్జ్ మోత వస్తుంది. మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ప్లేయర్‌లో ముల్లు బిగించే భాగం) ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు, ఎర్త్ సరిగ్గా లేకపోతే అంతా మోతే. ప్లేయర్ వెనక నుంచి సన్నటి వైరు ఒకటి, కొసన యూ ఆకారం ముక్కతో వేలాడుతుంటుంది. దాన్ని ఆంప్ వెనక జీఎన్‌డీ (గ్రౌండ్, అంటే ఎర్త్) స్క్రూకి బిగించండి.

అటక స్టీరియో:
బిగించాను. మోత పోయింది! కానీ వాల్యూమ్ సున్నాలో పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ కొలిస్తే కుడి 12 మిల్లీవోల్టులు, ఎడమ 85.

పాతముల్లు:
85తో స్పీకర్ కాలదు గానీ 50 లోపు ఉండాలి. ఆఫ్‌సెట్ ప్రీసెట్ (ఆ డీసీని తగ్గించడానికి బోర్డు మీద తిప్పే చిన్న సర్దుబాటు) ఉందేమో సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కరెంటు సర్దే బయాస్ ప్రీసెట్‌తో పొరబడకండి, దాన్ని తప్పుగా తిప్పితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. ప్లగ్గు పీకి, 470 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్‌ని ఒక్కో ఫిల్టర్ కాళ్ల మధ్య 20 సెకన్లు ఆనించి ఖాళీ చేయండి, స్క్రూడ్రైవర్‌తో షార్టు కొట్టొద్దు. ప్రీసెట్ ఉన్న స్థానాన్ని మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పి, మళ్లీ గుర్తు దగ్గరే ఆపండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఆంప్ కరెంటు వైరుకి సిరీస్‌లో పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. భగ్గుమని వెలిగి మందగిస్తే సరే. అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్టు.

కండెన్సర్ మామ:
బల్బు మాట నిజం. ప్రీసెట్లు మాత్రం కడగడమెందుకు, కొత్తవి వేసేయక. రెండు ఛానెళ్లవీ కలిపి నాలుగే కదా.

పాతముల్లు:
మళ్లీ మొదలెట్టారూ!