అల్లిక జిగిబిగి: పెద్దన పద్యమూ, దారపు బొమ్మా

మొన్న ఈ గ్రూపులో ఒకరు అడిగారు: "అల్లసాని వారి అల్లిక జిగిబిగి అంటారు కదా, జిగిబిగి అంటే ఓ పట్టాన కొరుకుడు పడకుండా చిక్కుచిక్కుగా ఉండటమేనా?" కింద చాలామంది అవునన్నారు. కాదని నా మనవి. నేను క్రోషే బొమ్మలు, అంటే కొక్కెం సూదితో దారాన్ని అల్లి చేసేవి, అల్లుతాను. తెలిసినవాళ్ల పిల్లల పుట్టినరోజులకు ఏనుగులు, కుందేళ్లు, బాతుపిల్లలు అల్లి ఇస్తుంటాను. రోజూ దారంతో పనిపడే మనిషికి ఈ మాట ఎంత కచ్చితమైనదో బాగా తెలుస్తుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు పద్యం మొత్తం చూద్దాం. మొదటి పాదమే అందరి నోటా నిలిచింది గానీ, ఇది నాలుగు పాదాల ఆటవెలది, చాటువు:

అల్లసానివాని యల్లిక జిగిబిగి
ముక్కు తిమ్మనార్యు ముద్దు పలుకు
పాండురంగ విభుని పదగుంభనంబును
కాకమాని రాయ నీకె తగుర

కాకమాని మూర్తికవిని మెచ్చుకుంటూ చెప్పిన పద్యం ఇది. పెద్దన అల్లిక, నంది తిమ్మన ముద్దు పలుకు, పాండురంగ మాహాత్మ్యం రాసిన తెనాలి రామకృష్ణుడి పదాల కూర్పు, ఈ మూడూ నీకే చెల్లాయని. (చివరి పాదంలో "కాక", "నీకె" అని ప్రాసయతి ఎంత తేలిగ్గా పడిందో చూడండి. నాకు ఆ పాదం చాలా ఇష్టం.) గుంభనం అన్నా పూలు గుచ్చినట్టు కూర్చడమే. కవిత్వాన్ని మెచ్చుకోవడానికి ఒకే పద్యంలో రెండుసార్లు చేతిపని మాటలే వాడారన్నమాట.

ఇక జిగిబిగి. వినడానికి జంటగా మోగుతుంది కాబట్టి "పని గిని", "పుస్తకం గిస్తకం" లాంటిదేమో అనిపిస్తుంది. వాటిలో రెండో ముక్కకు సొంత అర్థం లేదు. ఇక్కడ రెండింటికీ ఉంది. జిగి అంటే కాంతి, నిగనిగ. బిగి అంటే బిగువు, వదులు లేకపోవడం. బిగించడం, బిగుతు, బిగికౌగిలి అన్నీ ఆ కుటుంబమే. మరి చిక్కు అనే అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది? గజిబిజి నుంచి వచ్చిందని నా ఊహ. రెండు మాటల నడకా ఒకటే, అర్థాలు మాత్రం దాదాపు ఎదురెదురు. గజిబిజి అయిన దారపు ఉండలో మొదలెక్కడో కూడా దొరకదు. జిగిబిగి ఉన్న అల్లికలో ప్రతి పోగూ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది.

దారపు బొమ్మకు బిగే ప్రాణం. జపాన్ వాళ్లు వీటిని అమిగురుమి అంటారు, ఆ పేరే ఇప్పుడు ప్రపంచమంతా చెలామణీలో ఉంది. అల్లే తీరు ఇది. దారంతో చిన్న ఉచ్చు వేసి అందులో 6 కుట్లు వేస్తాం. రెండో చుట్టులో ఒక్కో కుట్టులో రెండేసి వేస్తే 12. ఆ తర్వాత 18, 24, 30. చుట్టుకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే బల్లపరుపుగా బిళ్ల వస్తుంది. పెంచడం ఆపి అదే లెక్కతో చుట్లు వేస్తే అంచు పైకి లేచి గిన్నె అవుతుంది. మళ్లీ ఆరేసి తగ్గించుకుంటూ వస్తే మూతి మూసుకుని బంతి అవుతుంది. తల, పొట్ట, తొండం అన్నీ ఈ కూడికలు తీసివేతల్లోంచే పుడతాయి.

మూతి మూసే ముందు లోపల దూది కూరాలి. చేతి బిగువు ఎంతో అప్పుడు బయటపడుతుంది. అల్లిక కొంచెం వదులైతే చాలు, కుట్టుకీ కుట్టుకీ మధ్య దూది తెల్లగా కనిపిస్తుంది. ముదురు నీలం ఏనుగైతే దూరం నుంచే తెలిసిపోతుంది. అందుకే దారం లేబుల్ మీద 4 మిల్లీమీటర్ల సూది అని ఉంటే బొమ్మకు 3 గానీ, ఇంకా సన్నది గానీ తీసుకుంటాం. తగ్గించే చోట రెండు కుట్లను మామూలుగా కలిపితే చిన్న కన్నం పడుతుంది. కాబట్టి రెండు కుట్లకూ ముందువైపు పోగుల్ని మాత్రమే కొక్కెంతో ఎత్తి, అందులోంచి దారం లాగుతాం. అలా చేస్తే ఎక్కడ తగ్గించామో వెతికినా దొరకదు. క్రోషే చేసేవాళ్లు ఈ బిగువును టెన్షన్ అంటారు. "నీ టెన్షన్ లూజుగా ఉంది" అని ఒకరు, "మీకేం టెన్షన్ అండీ" అని ఇంకొకరు. "చేతికి బిగి చాలలేదు" అనండి, తెలుగు తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది.

అలాగని బిగి శ్రుతి మించకూడదు. మరీ బిగిస్తే తర్వాతి చుట్టులో కొక్కెం దూరదు, వేళ్లు పీకుతాయి, బొమ్మ బిర్రుగా తయారవుతుంది. పిల్లలు హత్తుకునే బొమ్మ మెత్తగా ఒదగాలి. పెద్దనలో నాకు నచ్చేది ఈ కొలతే. ఆయన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం చూసే పద్యం చాలామందికి నోటికి వచ్చు:

అటజని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్స్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపి జాలమున్
గటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్

ఆకాశాన్ని తాకే శిఖరాల మీది సెలయేళ్లలో అలలు మళ్లీ మళ్లీ దొర్లుతుంటే ఆ చప్పుడు మృదంగంలా ఉంది, దానికి తగ్గట్టు నెమళ్లు పురివిప్పి ఆడుతున్నాయి, కొండ చరియల్లో ఆడ ఏనుగులు తొండాలతో చెట్లను ఊపుతున్నాయి. "అంబరచుంబి" దగ్గర మొదలైన సమాసం నెమళ్ల గుంపు దాకా తెగకుండా సాగింది. అలలున్నాయి కాబట్టి మృదంగం, మృదంగం ఉంది కాబట్టి నాట్యం, నాట్యం కోసం నెమళ్లు. క్రోషేలోనూ ప్రతి కుట్టూ కింది చుట్టులోని కుట్టులోంచే పైకి వస్తుంది, ఒకటి జారితే పైది నిలవదు. ఇక్కడ "తరంగ" తీసేసి చూడండి, మృదంగానికి ఆధారం ఉండదు. అంత బిగువులోనూ ఊపిరి ఆడుతుంది. "అభంగ తరంగ మృదంగ" అని పైకి చదివితే అర్థం తెలియని పిల్లలు కూడా తల ఊపుతారు. ఆ ఊపు జిగి.

నూలుకు జిగి ఎలా వస్తుందో కూడా చెప్పాలి. లేసుకీ, కొన్ని రకాల బొమ్మలకీ వాడే మెరిసే నూలు దారాన్ని మెర్సరైజ్డ్ కాటన్ అంటారు. ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్ 1844లో నూలును కాస్టిక్ సోడాలో నానబెట్టి చూశాడు. దానికి బలం వచ్చింది, రంగు బాగా పట్టింది, కానీ కుంచించుకుపోయింది. అసలు మెరుపు 1890 ప్రాంతంలో వచ్చింది. హొరేస్ లో (Horace Lowe) అనే ఆయన దారాన్ని కుంచించుకోనివ్వకుండా లాగి బిగించి పట్టి అదే పని చేశాడు. అప్పుడు పట్టులాంటి నిగనిగ తేలింది. దారం బిగి మీద ఉంటేనే జిగి వస్తుంది. మన చాటువు ఈ రెండు మాటల్నీ ఎప్పుడో పక్కపక్కన పెట్టింది. నాకు ఇది ఎంత సంతోషమో చెప్పలేను.

వ్యాఖ్యలు

పద్యాభిమాని: చాలా బాగుందండీ. ఒక్క అనుమానం. ఆ చాటువు నాటికి మనకు క్రోషే ఎక్కడిది? మీ చేతిపనిని తీసుకెళ్లి పద్యానికి అంటగడుతున్నారేమో.

నా జవాబు: నిజమేనండీ, క్రోషే 19వ శతాబ్దంలో ప్రబలిన పని. ఆ కవి కొక్కెం సూదిని తలుచుకున్నాడని నేననను. ఆయన చుట్టూ ఉన్నవి జడలు, తాటాకు చాపలు, వెదురు బుట్టలు, పందిరి మీద తీగలు. వీటన్నిటికీ మనకు ఉన్నది ఒకటే క్రియ, అల్లడం. తాటాకును వదులుగా అల్లితే ఆరాక సందులు పడతాయి, జడను వదులుగా అల్లితే మధ్యాహ్నానికే జారిపోతుంది. అల్లే ప్రతి పనిలోనూ బిగి మొదటి గుణం. క్రోషే ఆ వరసలో ఆలస్యంగా వచ్చి చేరింది. నేతకు మాత్రం మాట వేరు, అక్కడ మగ్గం, పడుగు, పేక ఉంటాయి.

గోదావరి గట్టు: మాది నరసాపురం పక్క పల్లె. మా అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్ని అందరూ అల్లినవాళ్లే. క్రోషే అనే మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు, లేసు అనేవారు. మీరు బొమ్మలో ఖాళీ తప్పంటున్నారు. మా లేసులో ఖాళీలే కదా అందం?

నా జవాబు: ఈ మాట మీరు ఎత్తడం ఎంత బాగుందో! 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలు, మెక్‌రే దంపతులు, గోదావరి ఎగువన దుమ్ముగూడెంలో ఈ పని నేర్పారని చెబుతారు. అది నది వెంట దిగి నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇంటింటికీ చేరింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మీ ప్రశ్నకు వస్తే, లేసులో ఖాళీ అల్లేవారు కావాలని పెట్టింది. ఇన్ని గొలుసు కుట్లు వేసి, ఇన్ని వదిలి, అక్కడ గుచ్చాలి అని లెక్క ఉంటుంది. ఆ ఖాళీ చుట్టూ ఉన్న కుట్లు వదులైతే పువ్వు పువ్వులా నిలవదు. బొమ్మలో కనిపించే ఖాళీ చేయి జారి వచ్చింది. కాబట్టి లేసులోనూ బిగి ఉంది. పెద్దమ్మగారు అల్లిన లేసును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, ఖాళీలన్నీ ఒకే కొలతలో ఉంటాయి.

గోదావరి గట్టు: నిజమే, ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశాను. ఇంకోటి కూడా రాయండి. మా ఊళ్లో దీన్ని "ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని" అనేవారు. పొద్దస్తమానం చేసినా అదే మాట. కూలి కూడా ఆ మాటకు తగ్గట్టే ఉండేది.

నా జవాబు: రాయాల్సిందేనండీ. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో నరసాపురం లేసు స్త్రీల గురించి వెలువరించిన పుస్తకంలో ప్రధానంగా చెప్పింది ఇదే. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్నా వాళ్లను పనివాళ్లనలేదు, గృహిణులన్నారు. వాళ్ల పనిని తీరిక వేళల పని అన్నారు. ఆ పేరు పెట్టబట్టే కూలి అంత తక్కువగా ఉండగలిగింది. ఇప్పుడు అల్లిన బొమ్మలు అమ్ముకునే అమ్మాయిలకూ ఇదే మాట ఎదురవుతోంది, "టైంపాస్‌కి చేసేదే కదా, అంత రేటా" అని. స్వెటర్లు అల్లే యంత్రాలున్నాయి గానీ అచ్చమైన క్రోషే అల్లే యంత్రం మార్కెట్లో లేదు. దుకాణంలో చవగ్గా దొరికే క్రోషే కుందేలును కూడా ఎక్కడో ఒక మనిషి చేత్తో అల్లి ఉంటుంది. దయచేసి "టైంపాస్" అనకండి.

కొత్తగా నేర్చుకుంటున్నాను: అక్కా, అమిగురుమి అంటే మా నాయనమ్మకు నోరు తిరగడం లేదు. తెలుగులో ఏమనొచ్చు?

నా జవాబు: అల్లికబొమ్మ అను, తల్లీ. మన బొమ్మల పేర్లు చూడు. తోలుబొమ్మ, లక్కబొమ్మ, కొయ్యబొమ్మ, గుడ్డబొమ్మ, ఇవన్నీ దేనితో చేశారో చెబుతాయి. కీలుబొమ్మ ఎలా కదులుతుందో చెబుతుంది. కాబట్టి ఎలా చేశారో చెప్పే పేరు కూడా ఇమిడిపోతుంది. జపాన్ వాళ్ల మాట కూడా అలా పుట్టిందే. అమి అంటే అల్లిక, గురుమి అంటే చుట్టి కప్పింది. వాళ్లకూ రెండు సూదుల ఊలు పనికీ, కొక్కెం పనికీ ఆ ఒక్క అమి సరిపోతుంది, మన అల్లిక సరిపోయినట్టే. "కుట్లు అల్లికలు" అని మన పెద్దలు అనే జంటలో కూడా ఇదంతా అల్లికల కిందికే వస్తుంది. విడిగా చెప్పాల్సి వస్తే కొక్కెం అల్లిక అనొచ్చు.

పద్యాభిమాని: అల్లికబొమ్మ బాగుంది. మా అన్నయ్యగారి మనవడికి ఏడాది నిండుతోంది. ఒకటి అల్లించి ఇద్దామనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

నా జవాబు: ఏడాది పిల్లాడు ముందు నోట్లో పెట్టుకుంటాడు. కాబట్టి ప్లాస్టిక్ కళ్లు వద్దనండి, సేఫ్టీ ఐస్ అని రాసి ఉన్నా వద్దు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు కళ్లూ ముక్కూ నల్లదారంతో కుట్టించడమే మంచిది. దారం నూలుది అడగండి, బొచ్చు రేగే ఊలు వద్దు. లోపల బూరుగు దూది కూరితే ఉతికాక ఉండలు కడుతుంది, పాలియెస్టర్ ఫైబర్ అయితే తొందరగా ఆరుతుంది. చెవులూ కాళ్లూ అతికించిన చోట గట్టిగా లాగి చూడండి. తర్వాత పొట్టను రెండు బొటనవేళ్లతో పక్కలకు సాగదీయండి. లోపలి దూది కనిపించకపోతే నిశ్చింతగా తీసుకోవచ్చు.