పడావు చెల్క సోలార్‌కు కౌలుకియ్యాల్నా, మనమే పెట్టుకోవాల్నా?

దేవరకద్ర_రైతు:
సబ్‌స్టేషన్‌కు కిలోమీటరున్నర దూరంల మాకు అయిదెకరాల చెల్క ఉంది. రెండు బోర్లు ఎండినయ్, ఆరేండ్ల సంది పడావు. సోలార్ కంపెనోళ్లు 25 ఏండ్లకు రాసియ్యమంటున్నరు, ఎకరాకు ఏడాదికి 35,000 అట. నాయిన ఇద్దామంటడు. తమ్ముడు కుసుమ్ పథకంల (రైతులు సోలార్ పెట్టుకునే కేంద్రం పథకం) మనమే పెడ్దామని పట్టుపట్టిండు. ఇంట్ల రోజూ లొల్లే.

మిర్యాలగూడ_శీను:
ఇచ్చెయ్యన్నా. పడావు భూమికి ఎవడిస్తడు అంత? మా దామరచర్ల దిక్కు 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ఉంది, దాని బూడిద కంటె ప్యానెల్ నయం కాదా.

రిటైర్డ్_లెక్కల_సారు:
తొందరపడకు. కుసుమ్ 2019లో వచ్చింది. సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు భూమిలో అర మెగావాట్ నుంచి 2 మెగావాట్ల దాకా రైతే ప్లాంటు పెట్టుకోవచ్చు. మన దగ్గర డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) యూనిట్‌కు 3.13 రూపాయలకు కొంటుంది, 25 ఏండ్లూ అదే రేటు. ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తాయి. అంటే 47 లక్షలు. వినడానికి బాగుంది! పెట్టుబడి మూడున్నర కోట్ల పైమాటే. బ్యాంకు కిస్తీలు తీరేదాకా చేతికి మిగిలేది కొంచెమే. ఇంకొకటి, ఫీడర్‌లో, అంటే సబ్‌స్టేషన్ లైన్‌లో, కరెంటు పోతే ఎండ ఎంత కాసినా ఇన్వర్టర్ ఆగిపోతుంది. ఆ గంటల ఆదాయం పోయినట్టే. మీ సబ్‌స్టేషన్‌లో నెలకెన్ని గంటలు పోతోందో లైన్‌మన్‌ను అడిగి రాసుకో.

నారాయణపేట_పోరడు:
అందరూ పట్టా ఉన్నోళ్ల ముచ్చటే చెప్తున్నరు. మాది గొర్లు కాసే ఇల్లు. మా ఊర్ల ఇట్లనే 20 ఎకరాల పడావుకు కంచె ఏసిండ్రు. భూమి మాది కాదు, నిజమే. కానీ మా తాతల సంది అండ్లనే మేపినం. ఇప్పుడు మా నాయిన 60 జీవాలను తోలుకొని రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి చెరువు శిఖానికి పోతుండు. కంచె అవతల ప్యానెళ్ల కింద గడ్డి మోకాలెత్తు పెరిగింది. దాన్ని కూలి పెట్టి కోయించి తగలవెడుతుండ్రు. గొర్లను తోలనియ్యండి, మీకు కోత కూలి మిగుల్తది అంటే, వైర్లు కొరుకుతయ్ అన్నరు. మ్యాకలంటే ఒప్పుకుంట, అవి ప్యానెల్ మీదికే ఎక్కుతయ్. గొర్లకేం రోగం?

దేవరకద్ర_రైతు:
తమ్మీ, ఇది నేను సోంచాయించనే లేదు. మా చెల్కల గూడ ఇద్దరు మేపుతరు. ఎన్నడు అడగలే, మేం ఒద్దనలే.

వనపర్తి_సంఘం_అక్క:
మహిళా సంఘాలతోని 1,000 మెగావాట్లు పెట్టిస్తమని సర్కారు చెప్పింది కద, మీ సమాఖ్యల అడుగు తమ్మి. భూమి నీది, ప్లాంటు సంఘానిది అయితే భూమి లేని ఆడోళ్లకు గూడ వాటా వస్తది. మా కాడ అప్పు మాట రాంగనే సగం మంది లేచి పోయిన్రు, అది వేరే కథ.

మిర్యాలగూడ_శీను:
గొర్లకు గూడ కౌలు ఇయ్యాల్నా ఇగ? కంపెనీ అన్నకు 35,000 ఇస్తనంటున్నది, దయ చూపుతలేదు.

రిటైర్డ్_లెక్కల_సారు:
శీనూ, గడ్డి కోత ఖర్చు తగ్గితే కంపెనీకే లాభం. దయ ఊసు ఎవరెత్తారు? దేవరకద్ర, రైతు భరోసా ఎకరాకు 12,000 సాగుయోగ్యమైన భూమికే ఇస్తున్నారు. ప్యానెళ్లు బిగించాక అది వస్తుందనుకోకు, కౌలు లెక్కలోంచి తీసెయ్యి. కుసుమ్ కింద కంపెనీకిచ్చినా కౌలు డబ్బు డిస్కం నుంచి నేరుగా నీ ఖాతాలో పడేలా రాయించుకోవచ్చు.

దేవరకద్ర_రైతు:
అప్పు జోలికి పోను సారు, నాయిన గుండె ఆగుతది. కౌలుకే ఇస్త. పైసలు డిస్కం నుంచే రావాలె, గేటు తాళంచెవి ఒకటి మా దగ్గర ఉండాలె, వానకాలం గొర్లను తోలనియ్యాలె. ఈ మూడు కాయిదంల రాస్తెనే సంతకం. ఐతారం వస్తడు ఏజెంటు. ఏమన్నడో ఈడనే చెప్త.

నారాయణపేట_పోరడు:
ప్యానెల్ ఎత్తు గూడ అడుగన్నా. మా కాడ మరీ కిందికి పెట్టిండ్రు, గొర్రె వంగి పోవాలె.