యెఫ్రేమొవ్ సొవ్రెమెన్నిక్‌ను వదిలి వెళ్లడం తప్పా?

నాటకప్రియ:
సోవియట్ నటుడు, దర్శకుడు ఒలేగ్ యెఫ్రేమొవ్ గురించి ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను వదలడం లేదు. 1956లో మాస్కోలో తన తోటి కుర్రవాళ్లను కూడగట్టి సొవ్రెమెన్నిక్ థియేటర్ పెట్టింది ఆయనే. ట్రూపులో ఎవరుండాలో సీజన్ చివర అందరూ ఓటేసి తేల్చుకునేవారు. అలాంటి ఇల్లు కట్టి, 1970లో మాస్కో ఆర్ట్ థియేటర్ పిలవగానే వెళ్లిపోయాడు. నా లెక్కలో అది తప్పే.

గ్రీన్‌రూమ్:
పిలవగానే వెళ్లిపోయాడనడం అన్యాయమండీ. మీరూ నాతో వచ్చేయండని ట్రూపును అడిగాడు, ఎక్కువమంది రామన్నారు. ఆయన చదువుకున్నది ఆర్ట్ థియేటర్ స్కూల్లోనే. 1949లో చదువు పూర్తయితే ఆ థియేటరే ఆయన్ని తీసుకోలేదు. స్తానిస్లావ్‌స్కీ పెట్టిన ఆ థియేటర్ జీవం పోగొట్టుకుంటోందన్న బాధలోంచే సొవ్రెమెన్నిక్ పుట్టింది. దాన్నే బాగుచేసే అవకాశం చేతికొస్తే వద్దని ఎలా అంటాడు?

నాటకప్రియ:
బాగుపడిందా మరి? 1987లో అది రెండు ముక్కలైంది కదా! 1968లో వచ్చిన ‘ప్ల్యూషిఖాలో మూడు పాప్లార్లు’ సినిమా చూశారా? అందులో ఆయన టాక్సీ డ్రైవర్. పల్లె నుంచి పెట్టె నిండా మాంసం తెచ్చుకుని అమ్ముకోవడానికి వచ్చిన న్యూరాగా తత్యానా దొరోనినా వేసింది. కారులో ఆమె పాట అందుకుంటుంది. ఆయన ఒక్క మాట మాట్లాడడు, వింటాడంతే. ఆ మొహం చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ ఇద్దరే 19 ఏళ్ల తర్వాత ఆర్ట్ థియేటర్ చీలికలో చెరో పక్క నిలబడ్డారు. చివరికి ఆయనది చెహోవ్ పేరు మీద, ఆమెది గోర్కీ పేరు మీద రెండు థియేటర్లుగా మిగిలాయి.

సైడ్‌వింగ్:
చీలికకు ఆయన్ని ఒక్కడినే అంటే ఎలా? వందమందికి పైగా నటులు, అందులో ఏళ్ల తరబడి వేషం దొరకనివాళ్లు. అంత పెద్ద ట్రూపును ఎవరు నడిపినా గొడవలు తప్పవు. 1976లో నటుడు స్మొక్తునోవ్‌స్కీతో చెహోవ్ ‘ఇవానొవ్’ చేయించింది ఆ స్టేజీ మీదే. సొవ్రెమెన్నిక్‌లోనే ఉండిపోయి ఉంటే ఆ ప్రదర్శన ఉండేదా? పైగా ఆయన వెళ్లాక సొవ్రెమెన్నిక్ కూలిపోలేదు. 1972 నుంచి నటి, దర్శకురాలు గలీనా వోల్చెక్ నడిపింది, 2019లో చనిపోయేదాకా. మనిషి వెళ్లిపోయినా ఇల్లు నిలబడిందంటే పునాది ఎవరు వేశారో చూడండి.

గ్రీన్‌రూమ్:
ఇంకొక్క మాట. 2000 మేలో ఆయన పోయేటప్పటికి ‘సిరానో ద బెర్జెరాక్’ రిహార్సల్స్ సాగుతున్నాయి. కుర్చీ కోసం వెళ్లినవాడైతే 30 ఏళ్ల తర్వాత కూడా రిహార్సల్స్ గదిలో ఉండేవాడు కాదు.

నాటకప్రియ:
కుర్చీ కోసం అని నేను అనలేదండీ. ‘ఇవానొవ్’ సంగతి ఒప్పుకుంటాను. కానీ 1970లో రామన్నవాళ్లు ఆయన్ని నమ్మి 14 ఏళ్లు కలిసి నడిచినవాళ్లు. వాళ్ల మాట ఆయన వినాల్సింది.