బానెట్ లోపల, చిన్న విద్యుత్ ప్యానెళ్లలో దానంతటదే పనిచేసే అగ్నిమాపక పరికరం: ఏది తగినది?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. నేను వాడుతున్నది కొంత పాతబడిన పెట్రోలు కారు. బానెట్ కింద మంట పుడితే మనిషి ప్రమేయం లేకుండా దానంతటదే పనిచేసే అగ్నిమాపక పరికరాన్ని అమర్చుకోవాలని నా ఉద్దేశం. విచారించగా మూడు రకాలు కనిపించాయి: మంట తగలగానే పగిలి పౌడరు చిమ్మే బంతి, సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించిన చిన్న సిలిండరు, అరచేతిలో ఇమిడే ఏరోసాల్ డబ్బా. ముగ్గురు అమ్మకందారులూ తమదే సరైనదంటున్నారు. వీటిలో ఇంజన్ గదికి ఏది తగినది, దానిని ఎక్కడ బిగించాలి, బండి నడుస్తుండగా అది అకస్మాత్తుగా విడుదలైతే ప్రమాదం ఉంటుందా అన్నవి నా సందేహాలు. అదే పరికరాన్ని విద్యుత్ ప్యానెల్ పెట్టెలో కూడా వాడవచ్చునేమో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

అయ్యా, మూడూ మంటను ఆర్పగలవు. అసలు చూడవలసినది, ఆర్పిన తరువాతి అరనిమిషంలో ఆ మంట తిరిగి అంటుకోకుండా ఉంటుందా అన్నది. ఎంపిక అంతా దాని చుట్టూనే తిరుగుతుంది కనుక మొదట బానెట్ కింద మంట ఎలా పుడుతుందో చూద్దాం.

ఎక్కువ భారం మీద నడిచిన ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (కాలిన వాయువులను బయటికి పంపే లోహపు గొట్టాల భాగం) ఉపరితలం 500 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. నిప్పురవ్వ అవసరం లేకుండా పెట్రోలు ఆవిరి తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత ప్రయోగశాల లెక్కల్లో 280 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అయితే బండి పరుగెడుతున్నంతసేపూ గాలి వేగంగా వీస్తుంది కనుక, కారిన ఇంధనం వేడి లోహం మీద నిలిచి మండడానికి అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. కారుతూనే ఉన్న బండి దారిలో అంటుకోకుండా, ఆపిన కొద్దిసేపటికి అంటుకోవడానికి ఇది ఒక ముఖ్యకారణం. ఇంధనం ఒక్కటే కాదు. ఇంజన్ ఆయిలు, బ్రేకు ఆయిలు, పవర్ స్టీరింగు ఆయిలు, చివరికి రేడియేటరులో నీటితో కలిపి పోసే గ్లైకాల్ కూడా వేడి మానిఫోల్డ్ మీద పడితే మండగలవు. వీటికి తోడు ఎలుకలు కొరికిన వైర్లు, ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా లాగిన అదనపు దీపాల వైరింగు ఉండనే ఉన్నాయి.

ఇప్పుడు పరికరాల విషయానికి వద్దాం. పౌడరు బంతి పై తొడుగులో మండే వత్తి ఉంటుంది. మంట దానికి తగిలిన కొన్ని క్షణాలకు బంతి పెద్ద శబ్దంతో పగిలి, సాధారణంగా మోనో అమోనియం ఫాస్ఫేట్ ప్రధానంగా ఉన్న పౌడరును చిమ్ముతుంది. ఇక్కడ కీలకం ‘తగిలిన’ అన్న మాట. బానెట్ కింద ఒక మూల బిగించిన బంతి, మరో మూల పుట్టిన మంట తనదాకా వచ్చేవరకు ఊరకే ఉంటుంది. పైగా అమ్మకపు వీడియోల్లో చూపే మంట అడుగు మూసిన రేకు తొట్టిలోది. కారు ఇంజన్ గదికి అడుగున చాలాచోట్ల ఖాళీయే. ఆ వీడియో చూసి కొనడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం.

ఏరోసాల్ డబ్బాలో ఒత్తిడితో నింపిన వాయువు ఏదీ ఉండదు. అందులోని గట్టి ముద్ద రగిలి, అతి సూక్ష్మమైన పొటాషియం లవణాల రేణువులను పొగలా వదులుతుంది. ఆ రేణువులు మంటలోని రసాయన గొలుసును తెంచుతాయి. బరువు తక్కువ, చోటు తక్కువ, తూకంతో పోలిస్తే శక్తి ఎక్కువ. లోపమేమిటంటే, బయటికి వచ్చే ధార చాలా వేడిగా ఉంటుంది. ముఖద్వారానికి ఎదురుగా వైర్ల కట్టగానీ, రబ్బరు గొట్టంగానీ, బ్యాటరీగానీ ఉండకూడదు. తయారీదారు చెప్పిన కనీస దూరాన్ని కచ్చితంగా పాటించాలి. ఇలాంటి పరికరాలకు ఐఎస్ఓ 15779, యూఎల్ 2775 అనే ప్రమాణాలు ఉన్నాయి. డబ్బా మీద వాటి ప్రస్తావన ఉందో లేదో చూడండి. ఏమీ లేకపోతే వదిలేయండి.

ఇంజన్ గదికి నేను మొగ్గు చూపేది గొట్టంతో కూడిన సిలిండరుకే. ఆ గొట్టం నిండా నైట్రోజన్ ఒత్తిడి ఉంటుంది. మంట సోకిన చోట ప్లాస్టిక్ మెత్తబడి, లోపలి ఒత్తిడికి ఉబ్బి, అక్కడే చిన్న రంధ్రం పడుతుంది. అంటే గొట్టం పొడవునా ప్రతి అంగుళమూ వేడిని పసిగట్టేదే. విద్యుత్తు అవసరం లేదు. ఇందులో రెండు రకాలు ఉన్నాయి. మొదటిదానిలో మందు, అంటే మంటను ఆర్పే పదార్థం, ఆ రంధ్రం గుండానే మంట మీదికి చిమ్ముతుంది. ఇది చిన్న పెట్టెలకు చక్కగా సరిపోతుంది. రెండవదానిలో గొట్టంలో ఒత్తిడి పడిపోవడం కేవలం సంకేతం. దానితో సిలిండరు వాల్వు తెరుచుకుని, వేరే పైపుల ద్వారా రెండు మూడు నాజిళ్ల నుంచి మందు ఒకేసారి వస్తుంది. గాలి ఆడే ఇంజన్ గదికి ఈ రెండవ రకమే నయం. గొట్టాన్ని ఇంధన రైలు (ఇంజన్‌కు పెట్రోలు పంచే పైపు) పైన, బ్యాటరీ పైన, డాష్‌బోర్డు వైపు అడ్డుగోడ వెంట నడిపించాలి. ఎగ్జాస్టుకు ఆనించకూడదు, బానెట్ మూసినప్పుడు నలగకూడదు. సిలిండరును సాధ్యమైనంతవరకు ఇంజన్ వేడికి దూరంగా బిగించాలి.

ఇక అసలు విషయం. మందు చిమ్మడం కొన్ని సెకన్లలో ముగుస్తుంది. ఆ సమయానికి విద్యుత్ ఇంధన పంపు ఇంకా పెట్రోలు తోస్తూనే ఉంటే, లేదా షార్ట్ అయిన వైరు ఎర్రగా కాలుతూనే ఉంటే, మంట మళ్లీ లేస్తుంది. అప్పటికి సిలిండరు ఖాళీ. చాలా కార్లలో తాళం తీసిన తరువాత కూడా రేడియేటరు ఫ్యాను తిరుగుతుంది, అది ఉన్న కాస్త మందునూ బయటికి ఊదేస్తుంది. కాబట్టి గొట్టానికి ప్రెషర్ స్విచ్ ఉన్న నమూనానే తీసుకోండి. ఒత్తిడి పడిపోగానే అది డ్రైవరు ముందు దీపాన్ని వెలిగించి, బజరు మోగించాలి. అది తెలియగానే బండిని పక్కకు తీసి, ఇంజన్ ఆపి, అందరినీ దింపి, దూరంగా నిలబడాలి. ఇంధన పంపును కూడా అదే స్విచ్‌తో ఆపించాలని కొందరు సూచిస్తారు. పరుగెడుతున్న బండిలో ఇంజన్ ఒక్కసారిగా ఆగితే స్టీరింగు తిప్పడం బరువవుతుంది, బ్రేకు సాయం తగ్గుతుంది. అందువల్ల ఆ పనిని డ్రైవరుకే వదలడం మంచిదని నేను భావిస్తాను.

బస్సుల ఇంజన్ గదుల అగ్నిమాపక వ్యవస్థలను పరీక్షించే ఐక్యరాజ్యసమితి నియమావళి 107లో, కాలుతున్న లోహపు గొట్టం మీద మంట తిరిగి అంటుకుంటుందేమో చూసే ప్రత్యేక పరీక్ష ఉండటానికి కారణం ఇదే. పోటీ కార్లకు అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ పెట్టిన 8865-2015 ప్రమాణంలోని వ్యవస్థలను సైతం, డ్రైవరు సీటులో కూర్చునే విడుదల చేయగలగాలి, బయట నిలబడినవారూ విడుదల చేయగలగాలి.

అదే సభ్యుని అనుబంధ ప్రశ్న

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలండీ. ఎండలో నిలిపిన కారులో వేడికే అది విడుదలైపోతుందేమోనన్న భయం ఇంకా ఉంది. అలాగే ప్రయాణికులు కూర్చునే భాగంలోనూ ఒకటి పెట్టడం మంచిదా?

రెండవ సమాధానం

కొన్ని పరికరాలు వేడికి పగిలే చిన్న గాజుబుడ్డితో విడుదలవుతాయి. మీరు కొనేది అలాంటిదైతే బుడ్డి రంగును బట్టి అది పగిలే ఉష్ణోగ్రత తెలుస్తుంది: నారింజ 57, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141 డిగ్రీలు. భవనాల స్ప్రింక్లర్ల లెక్క ప్రకారం 57, 68 డిగ్రీల బుడ్డులను చుట్టుపక్కల వేడి 38 డిగ్రీలు మించని చోట, 79, 93 డిగ్రీల వాటిని 66 దాటని చోట, 141 డిగ్రీలదానిని 107 దాటని చోట వాడతారు. ఇంజన్ ఆపిన వెంటనే గాలి నిలిచిపోయి బానెట్ కింద వేడి నడుస్తున్నప్పటికంటే పెరుగుతుంది కనుక, అక్కడ ఎరుపు బుడ్డి ఉన్న పరికరం పెట్టడం కోరి తెచ్చుకునే తలనొప్పి. నీలం బుడ్డి గానీ, ఇంజన్ గదికని తయారీదారు స్పష్టంగా పేర్కొన్న గొట్టం గానీ ఉండాలి. గొట్టాలు కూడా రకాన్ని బట్టి వేర్వేరు ఉష్ణోగ్రతలకు పగులుతాయి కాబట్టి, కొనేముందు ఆ అంకె అడిగి తెలుసుకోండి.

ప్రయాణికుల భాగంలో స్వయంచాలక పరికరం పెట్టవద్దనే నా సలహా. పౌడరైనా ఏరోసాలైనా ఒక్కసారిగా కమ్ముకుంటే డ్రైవరుకు దారి కనబడదు, కళ్లూ గొంతూ మండుతాయి. మంట వల్ల జరిగే నష్టానికి ముందే బండి దేనినైనా ఢీకొట్టవచ్చును. లోపల చేతితో వాడే చిన్న ఎక్స్‌టింగ్విషర్‌ను సీటు కింద బ్రాకెట్‌లో గట్టిగా బిగించుకుంటే చాలు. డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టకండి. ఆ జాతి సిలిండర్లలో చాలావాటికి 60 డిగ్రీలే గరిష్ఠ పరిమితి. బానెట్ కింద మంట వచ్చినప్పుడు బానెట్‌ను పూర్తిగా ఎత్తకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి. గాలి తగిలి మంట ముఖం మీదికి ఎగుస్తుంది. లోపలి మీట లాగగా ఏర్పడే సన్నని సందు గుండానే మందు కొట్టి వెనక్కి జరగాలి.

పౌడరు విషయంలో మరొక మాట: అది తడి తగిలితే ఆమ్లగుణం చూపి, అల్యూమినియం భాగాలనూ కనెక్టర్లనూ తినేస్తుంది. ఒకసారి విడుదలయ్యాక బండిని అలాగే వారాల తరబడి నిలిపి ఉంచితే మంట వదిలిన వైరింగును పౌడరు వదలదు.

వేరొక సభ్యుని ప్రశ్న

విద్యుత్ కారు బానెట్ కింద పెడితే ఉపయోగం ఉంటుందా?

మొదటి సమాధానకర్త

పరిమితంగానే ఉంటుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ, దాని వైరింగు అందులోనూ ఉంటాయి కనుక వాటి మంటకు పనికొస్తుంది. కారు అడుగుభాగంలో మూసిన పెట్టెలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ సెల్లులో ఉష్ణోగ్రత అదుపు తప్పితే మాత్రం బానెట్ కింది మందు దానిని చేరనే చేరదు. చేరినా సెల్లు లోపలి రసాయన చర్యను ఆపలేదు. వేడి పక్క సెల్లుకు పాకుతూనే ఉంటుంది. దానికి కావలసినది చల్లదనం, అంటే చాలాసేపు పారే నీరు. అది అగ్నిమాపక దళం పని. ఆరిందనుకున్న బ్యాటరీ గంటల తరువాత, ఒక్కొక్కసారి రోజుల తరువాత కూడా తిరిగి అంటుకుంటుంది. అధిక వోల్టేజీ ఉండే నారింజ రంగు కేబుళ్లను ఎవరూ తాకకూడదు, కోయకూడదు.

మూడవ సమాధానం: ప్యానెల్ పెట్టె గురించి

మొదటి ప్రశ్నలోని ప్యానెల్ విషయం మిగిలిపోయింది కనుక చెబుతున్నాను. మూసి ఉన్న పెట్టె కాబట్టి కారు కంటే ఇక్కడ ఈ పరికరాలు ఎంతో బాగా పనిచేస్తాయి. పౌడరు మాత్రం వద్దు. కాంటాక్టర్లు, రిలేలు అనే విద్యుత్ స్విచ్‌లలో చేరితే శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం. ఏరోసాల్ కూడా పలుచని పొర మిగులుస్తుంది, తుడవాలి. ఏమీ మిగల్చకుండా ఆవిరైపోయేవి ఎఫ్‌కె-5-1-12, హెచ్‌ఎఫ్‌సి-227ఇఎ వంటి మందులు. మొదటిది 49 డిగ్రీల వద్ద మరిగే ద్రవం. వాతావరణాన్ని వేడెక్కించే గుణం దానిలో దాదాపు లేదు. రెండవదానికి ఆ గుణం ఎక్కువ కాబట్టి 2016 నాటి కిగాలీ సవరణ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద దాని వాడకాన్ని తగ్గిస్తూ వస్తున్నారు. పాత సలహాల్లో కనిపించే హాలోన్ అనే మంటలార్పే వాయువును పట్టించుకోకండి. ఓజోన్ పొర కోసం దాని ఉత్పత్తి అభివృద్ధి చెందిన దేశాల్లో 1994 ఆరంభానికి, మిగిలిన దేశాల్లో 2010కి ఆగిపోయింది.

పరిమాణం లెక్క కష్టమేమీ కాదు. 600 మిల్లీమీటర్ల వెడల్పు, 400 లోతు, 1800 ఎత్తు ఉన్న పెట్టె ఘనపరిమాణం 0.432 ఘనమీటర్లు. 20 డిగ్రీల వద్ద గాలిలో 6 శాతం ఎఫ్‌కె-5-1-12 ఉండాలంటే ఘనమీటరుకు సుమారు 0.89 కిలోలు కావాలి. అంటే ఈ పెట్టెకు సుమారు 0.38 కిలోలు. ఇది సందులు లేని పెట్టెకు వచ్చిన అంకె. తలుపుకు జాలీలు, పైన ఫ్యాను, అడుగున కేబుళ్ల కోసం కోసిన రంధ్రాలు ఉంటే మందు నిలవదు. కేబుల్ రంధ్రాలకు గ్లాండ్లు (కేబుల్ చుట్టూ సందు మూసే బిగింపులు) వేయండి. మందు విడుదలైన క్షణంలోనే ఫ్యాను ఆగి, మెయిన్ బ్రేకరు ట్రిప్ అయ్యేలా ప్రెషర్ స్విచ్‌ను కలపండి. కారులో డ్రైవరుకు వదలాలని పైన చెప్పిన పనిని ఇక్కడ యంత్రానికే అప్పగించాలి, ఎందుకంటే ప్యానెల్ ముందు ఎవరూ కాపలా ఉండరు. విద్యుత్తు ఆగకపోతే వదులైన టెర్మినల్ మళ్లీ నిప్పు చిమ్ముతుంది.

మనిషి ప్రవేశించే గదులకు, ఉదాహరణకు జనరేటర్ గదికి, కార్బన్ డయాక్సైడ్ స్వయంచాలక వ్యవస్థను సొంతంగా అమర్చవద్దు. మంట ఆరాలంటే అది గాలిలో కనీసం 34 శాతం ఉండాలి. 10 శాతం దాటితేనే మనిషి స్పృహ తప్పుతాడు. హెచ్చరిక సైరను, ఆలస్యంగా విడుదలయ్యే ఏర్పాటు, లోపల మనిషి ఉన్నప్పుడు వ్యవస్థను నిలిపి ఉంచే తాళం లేకుండా అది ప్రాణాంతకం.

అనుబంధ ప్రశ్న

అమర్చాక తనిఖీ ఎలా చేయాలి? గేజి ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉంటే సరిపోతుందా?

మూడవ సమాధానకర్త

ముల్లు చూపేది సిలిండరులోని నైట్రోజన్ ఒత్తిడినే. మందు ఎంత ఉందో అది చెప్పదు. అందువల్ల అమర్చిన రోజున సిలిండరును తూచి, ఆ బరువును దాని మీదే రాసిపెట్టి, తయారీదారు చెప్పిన గడువులో మళ్లీ తూచి పోల్చాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరుకైతే సాధారణంగా గేజీయే ఉండదు, తూకమే ఆధారం. ముల్లు ఎండపూట కొంచెం పైకి, చలిపూట కిందికి జరగడం సహజం. కారులో మాత్రం ప్రతి సర్వీసుకూ గొట్టాన్ని చివరి నుంచి చివరి వరకు వేళ్లతో తడిమి చూడాలి; క్లిప్పుల దగ్గర రాపిడితో తెల్లబడిన చోటు కనిపిస్తే, ఒత్తిడి నిలిచి ఉన్నా సరే, ఆ గొట్టాన్ని మార్పించాలి.